ఇద్దరూ ఒకటే అన్నావు చూడు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. అంతా చదివాక చివర్లో నువ్వు విసిరేసిన వాక్యం దగ్గర ఆగిపోయాను. "బుద్ధుడైనా యేసైనా చెప్పింది ఒకటేగా, ఎవర్ని చదివితే ఏంటి" అన్నావు. నాన్నగారు పోయిన దగ్గర్నుంచి నిద్రపట్టక ఇవన్నీ చదువుతున్నావని నాకు తెలీదురా. తెలిసుంటే ఇన్నాళ్ళు జవాబు రాయకుండా ఉండేవాణ్ణి కాదు.

ముందు నువ్వు పంపిన ఆ ఫార్వర్డ్ సంగతి తేల్చేద్దాం. యేసు కుర్రతనంలో ఇండియాకి వచ్చి బౌద్ధ భిక్షువుల దగ్గర చదువుకున్నాడన్నది 1894లో నోటోవిచ్ అనే రష్యన్ అచ్చేసిన కథ. లదాఖ్‌లోని హెమిస్ మఠంలో దానికి పాత రాతప్రతి ఉందన్నాడు. ఆ మరుసటి ఏడే ఇంకొకాయన పనిగట్టుకుని వెళ్ళి అడిగితే, అలాంటిదేం లేదు పొమ్మన్నాడు మఠాధిపతి. నిజంగా జరిగిన తమాషా దీనికి తిరగేసి ఉంటుంది. సిద్ధార్థుడి కథే పడమటికి నడిచి వెళ్ళింది. బోధిసత్త్వ అన్న మాట అరబ్బీలో బూదాసఫ్ అయింది, జార్జియన్, గ్రీకు భాషలు దాటి లాటిన్ చేరేసరికి జోసఫత్ అయి కూర్చుంది. రాజభోగాలు వదిలేసిన ఆ రాకుమారుణ్ణి కాథలిక్కులు పునీతుల జాబితాలో చేర్చి, నవంబర్ 27న స్మరించుకున్నారు. అంటే తెలీకుండానే బుద్ధుడికి దండం పెట్టారన్నమాట! నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది.

పోలికలు లేవని కాదు. ఒక చిన్నది చెప్తాను, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇద్దరూ తిండి దగ్గర మాట పడ్డారు. ఆరేళ్ళు ఒళ్ళు ఎండగట్టుకున్న సిద్ధార్థుడు, ఇది దారి కాదని తెలుసుకుని అన్నం ముట్టగానే, వెంట ఉన్న ఐదుగురూ "వీడు సుఖాలకి మరిగాడు" అని వదిలేసి పోయారు. తర్వాత సారనాథ్‌లో మొదటి ఉపదేశం విన్నది ఆ ఐదుగురే అనుకో. యేసూ నలభై రోజులు ఎడారిలో ఉపవాసం ఉండి వచ్చి, సుంకం వసూలు చేసేవాళ్ళ ఇళ్ళల్లో కూర్చుని భోంచేస్తే తిండిపోతు, తాగుబోతు అన్నారు. ఇద్దర్నీ పని మొదలెట్టే ముందు ఒకరు ప్రలోభపెట్టారు కూడా, అక్కడ మారుడు, ఇక్కడ సాతాను. ఇద్దరూ స్వయంగా ఒక్క పుస్తకం రాయలేదు. యేసు ఒక్కసారి వేలితో నేలమీద ఏదో రాశాడంటాడు ఆయన కథని సువార్తగా రాసిన యోహాను, ఏం రాశాడో మాత్రం చెప్పడు.

తేడా వాళ్ళకి దొరికిన కాలంలోనే మొదలవుతుంది. బుద్ధుడు ముప్ఫై అయిదో ఏట జ్ఞానం పొంది, ఎనభయ్యో ఏట పోయాడు. మధ్యలో నలభై అయిదేళ్ళు! సంఘాన్ని తనే కట్టాడు, భిక్షువు ఎవరైనా తప్పు చేసినప్పుడల్లా ఒక్కో నియమం పెట్టుకుంటూ పోయాడు. యేసుకి దొరికింది మూడేళ్ళకు మించదు. పుట్టుకతో యూదుడు, యూదుడిగానే పోయాడు. క్రైస్తవులు అన్న పేరు కూడా ఆయన పోయాక, అంతియొకయ అనే ఊళ్ళో వచ్చింది. అందుకే "మతస్థాపకులు" అని ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

సరే, అసలు విషయం. నీకు ఇద్దరు తల్లుల సంగతి చెప్పాలి.

శ్రావస్తిలో కిసాగౌతమికి ఒక్కడే కొడుకు. పోయాడు. శవాన్ని చంకనేసుకుని ఇంటింటికీ తిరిగి మందు అడుగుతోంది. ఎవరో బుద్ధుడి దగ్గరికి పంపారు. ఆయన "మందుంది, చిటికెడు ఆవాలు కావాలి. చావు ఎరుగని ఇంటి నుంచే తేవాలి" అన్నాడు. ఆవాలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. చావు లేని ఇల్లు ఒక్కటీ దొరకలేదు. సాయంత్రానికి ఆమెకే అర్థమైంది. కొడుకుని శ్మశానంలో వదిలి వచ్చి భిక్షుణి అయింది. భిక్షుణుల పద్యాల సంకలనం థేరీగాథలో ఆమె పద్యాలు ఇప్పటికీ ఉన్నాయి.

రెండో తల్లి నాయీను ఊరి విధవరాలు. ఈమెకీ ఒక్కడే కొడుకు. పాడె ఊరి గవిని దాటుతుంటే యేసు ఎదురుపడ్డాడు. లూకా తన సువార్తలో రాసినదాన్నిబట్టి ఆవిడ ఏమీ అడగలేదు. ఈయనే జాలిపడి "ఏడవకమ్మా" అన్నాడు, పాడె మీద చెయ్యి వేశాడు, కుర్రాణ్ణి లేపి తల్లికి అప్పగించాడు.

చూశావా? అడిగినామెకి కొడుకు దక్కలేదు. అడగనామెకి దక్కాడు. ఇప్పుడు చెప్పు, ఇద్దరూ ఒకటే అనగలవా? బుద్ధుడు చావుని తప్పు సరిచేసినట్టు సరిచేయబోలేదు. ఆమె చూపుని సరిచేశాడు, అదీ ఉపన్యాసం ఇవ్వకుండా, ఆమె కాళ్ళతోనే నడిపించి. యేసు దృష్టిలో చావు ఓడించాల్సిన శత్రువు. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర, కాసేపట్లో తానే అతన్ని లేపబోతూ కూడా, ఏడ్చాడు. నువ్వు నాన్నగారి కుర్చీ ఇంకా తీయలేదని రాశావే, ఆ కుర్చీ ముందు ఈ ఇద్దర్నీ నిలబెట్టి చూడు. ఒకరు "ఇలాంటి కుర్చీ లేని ఇల్లు చూపించు" అంటారు. ఇంకొకరు "ఆయన మళ్ళీ లేస్తాడు" అంటారు. రెండూ ఓదార్పే. కానీ ఒకటి నమ్మినవాడికి రెండోది అక్కర్లేదు, ఒకవేళ రెండూ కావాలంటే మాత్రం మధ్యలో నలిగిపోతాడు.

కొడుకుల కథా అంతే. తప్పిపోయిన కొడుకు, అదే, ఆస్తి వాటా పట్టుకుపోయి తగలేసి తిరిగొచ్చిన చిన్నకొడుకు గురించి లూకా పదిహేనో అధ్యాయంలో చదివే ఉంటావు. అలాంటి కథే సద్ధర్మపుండరీక సూత్రంలోనూ ఉంది, అది బుద్ధుడి తర్వాత కొన్ని శతాబ్దాలకి వచ్చిన మహాయాన గ్రంథమనుకో. లూకాలో తండ్రి కొడుకుని దూరం నుంచి చూసి పరిగెత్తుకెళ్ళి కౌగిలించుకుంటాడు. వాడు తప్పు ఒప్పుకునే మాట పూర్తికాకుండానే మంచి బట్టలు, ఉంగరం, చెప్పులు, విందు. పుండరీకంలో తండ్రి మనుషుల్ని పంపితే, ఆయన్ని గుర్తుపట్టని కొడుకు భయపడి మూర్ఛపోతాడు. దాంతో తండ్రి వాణ్ణి వదిలేసి, పెంట ఎత్తే పనికి కూలికి పెట్టుకుంటాడు. తనూ మాసిన బట్టలు కట్టుకుని పక్కన చేరి మాట కలుపుతాడు. అలా ఇరవై ఏళ్ళు! మెల్లగా ధనాగారం అప్పగించి, చివరికి తను పోయే ముందు "వీడు నా కన్నకొడుకు" అని అందరి ముందూ చెప్తాడు. తండ్రి ప్రేమలో తేడా లేదు. ఒకడు "ముందు ఇంట్లోకి రా" అంటున్నాడు, ఇంకొకడు "ఇంట్లో నిలదొక్కుకునేలా అయ్యాక రా" అంటున్నాడు. కృపకీ సాధనకీ తేడా నాకు ఏ వేదాంత పుస్తకంలోనూ ఇంత తేలిగ్గా అర్థం కాలేదు.

ఇలా గీత గీయగానే దాన్ని చెరిపేవాళ్ళూ వస్తారు. జపాన్‌లో షిన్‌రాన్ (1173–1263) అనే బౌద్ధ గురువు మన సాధన వల్ల ఏమీ కాదు, అమితాభ బుద్ధుడి కరుణే గతి అన్నాడు. ఆయన్ని చదివితే బౌద్ధుడా క్రైస్తవుడా అని అనుమానం వస్తుంది. కాబట్టి నా మాట మరీ శిలాశాసనం అనుకోకు.

వాళ్ళ చివరి ఘడియలు మాత్రం ఏ వాదానికీ లొంగవు. బుద్ధుడి చివరి భోజనం చుందుడనే కమ్మరి పెట్టింది. అది తిన్నాకే జబ్బు ముదిరింది. ఆ నొప్పిలోనే శిష్యుడు ఆనందుణ్ణి పిలిచి "చుందుడు తనవల్లే అయిందని కుమిలిపోతాడేమో, నాకు జ్ఞానం రాకముందు తిన్న భిక్షా, ఈ భిక్షా సమానమని వాడికి చెప్పు" అన్నాడు. తర్వాత ఆనందుడు తలుపు దగ్గర నిలబడి ఏడుస్తుంటే దగ్గరికి పిలిపించుకుని, ఇన్నేళ్ళూ నన్ను ఎంత బాగా చూసుకున్నావో అని మెచ్చుకున్నాడు. కుశీనగరంలో, రెండు సాల వృక్షాల మధ్య ప్రశాంతంగా పోయాడు.

యేసు చనిపోయే ముందురాత్రి గెత్సేమనే తోటలో "ఈ గిన్నె నా నుంచి తప్పించు" అని ప్రార్థించాడు. తోడు ఉండమన్న శిష్యులు నిద్రపోయారు. మర్నాడు రోమన్ అధికారి పిలాతు తీర్పు, కొరడా దెబ్బలు, సిలువ. "నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు" అని కేక. ఆయన చావు చూస్తుంటే బుద్ధుడి చావు ముందు తడబడినట్టే ఉంటుంది. క్రైస్తవులకి ఆ తడబాటే ముఖ్యం, దేవుడు మనిషి భయాన్ని కూడా తాగాడు కాబట్టి. నాకు ఎవరు నచ్చారని అడక్కు. ఆరోగ్యంగా ఉన్న రోజున బుద్ధుడు. ఆస్పత్రి కారిడార్‌లో కూర్చున్న రాత్రి గెత్సేమనే గుర్తొచ్చింది, ఆవాలు గుర్తు రాలేదు. ఇందులో తర్కం లేదని నాకూ తెలుసు.

ఇంకో సంగతి. లూకా పదిహేను మళ్ళీ తీసి చూడు. తమ్ముడికి విందు చేస్తే పెద్దకొడుకు అలిగి బయటే నిలబడతాడు, తండ్రి వచ్చి బతిమాలతాడు. వాడు లోపలికి వెళ్ళాడో లేదో చెప్పకుండానే కథ అయిపోతుంది. నేనైతే వెళ్ళలేదనే అనుకుంటున్నాను. నువ్వేమనుకుంటున్నావో రాయి. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ
పాత తోడుదొంగ