పొట్టికి, పొడుగు రాసేది

సన్నీవేల్, కాలిఫోర్నియా,
మే 18

ప్రియమైన పొట్టీ,

నువ్వు ఫోను చేసినప్పుడు ల్యాబులో ఉన్నాను. బయటికొచ్చి చేద్దామనుకుంటే అప్పటికి తెనాలిలో అర్ధరాత్రి. అయినా ఇది ఫోనులో చెప్పే విషయం కాదు. నేను మొదలుపెడితే నువ్వు మధ్యలో దూరి, నా చేత ఇంకేదో చెప్పిస్తావు. అందుకే ఉత్తరం. మీవాడి ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారుగా) హడావుడి ఒక గంట పక్కన పెట్టి, కాఫీ కలుపుకుని కూర్చో.

అడిగిన మూడు యూనివర్సిటీల్లోనూ సీటు వచ్చింది. డేవిస్, బర్క్‌లీ, శాన్ హోసే స్టేట్. అవును, బర్క్‌లీ కూడా. పెళ్ళి కుదిరిందని బీయస్సీ రెండో ఏడు మధ్యలో రికార్డు పుస్తకం నీ చేతిలో పెట్టి వెళ్ళిపోయినదానికి, పదిహేడేళ్ళ తరవాత! ఆ రికార్డులో మిగిలిన బొమ్మలు నువ్వు వేశావో, పుస్తకాన్ని తూకానికి వేశావో ఇప్పటికీ చెప్పలేదు.

నేను చదువుతున్న డి ఆంజా కమ్యూనిటీ కాలేజీ గురించి నీకు సరిగ్గా చెప్పినట్టు లేను. ఎంట్రన్సు లేదు, వయసు అడగరు, ఎవరైనా చేరవచ్చు. ఈ రాష్ట్రంలో ఉండేవాళ్ళకు ఫీజు యూనిట్‌కు 31 డాలర్లు (ఒక్కో కోర్సుకు ఇన్ని యూనిట్లని లెక్క ఉంటుంది). అలా 90 యూనిట్లు, అందులో వాళ్ళు అడిగిన కోర్సులన్నీ పూర్తి చేస్తే యూనివర్సిటీలో నేరుగా మూడో ఏట కూర్చోవచ్చు. 1960లో కాలిఫోర్నియా వాళ్ళు పై చదువులకు ఒక పెద్ద ప్రణాళిక వేసుకున్నారు, ఈ దారిని అందులోనే ఖాయం చేశారు. నాలాంటి వాళ్ళు అప్పట్లోనే వాళ్ళకు ఎలా తట్టారో!

దారి ఉంది కదా అని కళ్ళు మూసుకుని నడిస్తే మాత్రం గోతిలో పడతాం. మా కాలేజీలో ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో ఏ కోర్సుకు సమానమో చూపించే సైటు ఒకటి ఉంది, అసిస్ట్ అని. మొదటి ఏడాది నేను దాని ముఖం చూడలేదు. పేరులో కెమిస్ట్రీ ఉంది కదా అని ఒక కోర్సులో చేరిపోయాను. తీరా అది సైన్సు జోలికి వెళ్ళనివాళ్ళ కోసం పెట్టింది. క్లాసులో నాకే ఎక్కువ మార్కులు, లెక్కలోకి మాత్రం ఒక్కటీ రాలేదు. ఒక టర్ము నీళ్ళపాలు. మా ఆయనకు ఈ సంగతి ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

ఇక సీట్ల సంగతి. మన దగ్గర కాలేజీల కోడ్లు వరసగా పెడితే, ర్యాంకును బట్టి కంప్యూటరే ఒకటి చేతిలో పెడుతుంది. నచ్చకపోతే తిట్టుకోవడానికి కంప్యూటర్ ఉంటుంది. ఇక్కడ ఎవరికి వారు విడివిడిగా రమ్మంటారు, జూన్ 1 లోగా నువ్వే తేల్చుకోమంటారు. ఎవరిని తిట్టను?

డేవిస్ గురించి పెద్దగా బెంగ లేదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ఆరు క్యాంపస్‌లు కమ్యూనిటీ కాలేజీ పిల్లలకు ముందే హామీ రాసిస్తాయి. ఫలానా కోర్సులు, ఫలానా మార్కులు తెచ్చుకో, సీటు నీదే అని. ఆరింటిలో ఒక్కదాన్నే అడగాలి. సెప్టెంబరులో నేను డేవిస్‌ను అడిగాను. బర్క్‌లీ అలాంటి హామీలు ఇవ్వదు, ఏప్రిల్ దాకా ఊపిరి బిగబట్టుకోవలసిందే. నవంబరులో దరఖాస్తుతో పాటు నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయాలి, ఒక్కొక్కటి 350 మాటలు దాటకూడదు. మీ అమ్మగారి ఆవకాయ గురించి నేను 350 మాటల్లో ఆపానంటే నమ్ము.

నవ్వకు. నేను పచ్చళ్ళు అమ్ముదామనుకున్న ఏడాది గుర్తుందా? ఇంట్లో చేసిన తిండి అమ్ముకోవడానికి ఇక్కడ 2013 నుంచి చట్టం ఉంది. రొట్టెలు సరే, జాములు సరే, పచ్చడి మాత్రం కుదరదన్నారు. ఎందుకు కుదరదని తవ్వుకుంటూ పోతే పులుపును కొలిచే పీహెచ్‌లో 4.6 అనే అంకె దగ్గర తేలాను. పులుపు తగ్గి అంకె ఆ గీత దాటి పెరిగితే సీసాలో ప్రాణాంతకమైన క్రిమి పెరగవచ్చు. మీ అమ్మగారు ఏ అంకే తెలియకుండా ఉప్పు, కాయ పులుపు, పైన నూనె చూసుకుని ఏడాదంతా నిలబెట్టేవారు. నేను చేసినది రెండో నెలకే బూజు పట్టింది. నా చదువంతా ఆ బూజులోంచి వచ్చిందే.

సీటు సంగతి తెలిసిన దగ్గర నుంచి అందరిదీ ఒకటే మాట, బర్క్‌లీ. మా అత్తగారు కాకినాడ నుంచి ఫోను చేసి మరీ చెప్పారు. నేనూ వెళ్ళి చూశాను. మిల్పీటస్‌లో బార్ట్ రైలు ఎక్కితే మారే పని లేకుండా సుమారు గంటలో దింపుతుంది. గడియారం గోపురం కింద నిలబడితే నిజంగానే ఒళ్ళు పులకరించింది. నోబెల్ బహుమతి వచ్చినవాళ్ళ కార్లకు వేరే పార్కింగ్ ఉంది, బోర్డు పెట్టి మరీ! దాని పక్కన ఫోటో దిగి మా అత్తగారికి పంపాను. కానీ అక్కడ నాకు సీటు వచ్చింది పోషకాహారంలో, డేవిస్‌లో లాగా ఆహార శాస్త్రంలో కాదు. వాళ్ళది కడుపు గొడవ, నాది సీసా గొడవ.

డేవిస్‌కు పిక్నిక్ డే నాడు వెళ్ళాం. ఏటా ఏప్రిల్‌లో జరిగే తిరునాళ్ళ అది, 1909 నుంచీ ఉందట. పొట్టి కాళ్ళ కుక్కలకు పరుగుపందెం పెడతారు. మా అమ్మాయి అక్కడి నుంచి కదలలేదు. ఊళ్ళో లండన్ తరహా రెండంతస్తుల బస్సులు, నడిపేది విద్యార్థులే. ఎటు చూసినా సైకిళ్ళు. క్యాంపస్‌లో ఆవుల కొట్టం ఉంది. గాలి ఇటు తిరిగేసరికి పేడ వాసన. మా ఆయన ముక్కు మూసుకున్నారు, నాకు మీ పెరడు గుర్తొచ్చింది. యంత్రంతో కోసినా చితకని టమాటాను పుట్టించింది కూడా ఇక్కడివాళ్ళే. ఊరగాయల బల్ల దగ్గర నిలబడిన ఒక అమ్మాయిని ఆవపిండి ఘాటు బూజును ఆపుతుందా అని అడిగాను. నవ్వలేదు. నోట్‌బుక్ తీసి రాసుకుంది.

అయితే డేవిసే కదా అంటావు. ఆగు. అసలు పోటీ బర్క్‌లీతో కాదు, శాన్ హోసే స్టేట్‌తో. అక్కడా ఆహార శాస్త్రం ఉంది. ఇంటి నుంచి కారులో పాతిక నిమిషాలు. డేవిస్‌లో కట్టే ఫీజులో ఇక్కడ దాదాపు సగం, పైగా గది అద్దె లేదు. సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. కాగితం మీద రెండు గళ్ళు గీసి రాస్తే ప్రతిసారీ శాన్ హోసేయే గెలిచింది. మూడుసార్లు రాశాను. మూడుసార్లూ కాగితం చింపేశాను.

అందరికీ డేవిస్‌లో ల్యాబులు బాగుంటాయని చెబుతున్నాను. అబద్ధం కాదు. కానీ నీకు చెప్పేది వేరు. సాయంత్రం ఇంట్లో ఉంటే కుక్కరు పెడతాను, లెక్కలు చెప్పిస్తాను, బట్టలు మడతపెడతాను, పదకొండింటికి పుస్తకం తెరిచి దాని మీదే నిద్రపోతాను. నాలుగేళ్ళుగా అదే చేస్తున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు, చెయ్యకుండా ఉండడం నాకే చేతకాదు. నాకు వారానికి నాలుగు రోజులు ఇంటికి అందనంత దూరం కావాలి. అది కోరుకుంటున్నానని తెలిసిన రోజు రాత్రి చాలాసేపు ఏడ్చాను. అమ్మ ఉంటే ఏమనేదో!

మా ఆయనతో గది అద్దె గురించి మొదలుపెట్టి అసలు మాట దగ్గర ఆగిపోయాను. ఆయన కాసేపు ఊరుకుని, "సోమవారం రైలు ఎన్నింటికి?" అని అడిగారు. మా అమ్మాయి అయితే రోజూ వీడియో కాల్ చేయవద్దు, వారానికి రెండుసార్లు చాలంది. పదకొండేళ్ళు దానికి! కాస్త గట్టిగానే తగిలింది.

నిన్న రాత్రి డేవిస్‌కు సరేనని నొక్కేశాను.

ఇప్పుడు నీతో పని. నవంబరులో నువ్వు తెచ్చి ఫోటో తీసి పంపిన ఆ పాత మార్కుల జాబితా (ఫిజిక్సులో 41, మరిచిపోలేదు) అప్పటికి సరిపోయింది. సగంలో వదిలేసిన చదువైనా సరే, జూలై 1 లోగా అసలు ట్రాన్‌స్క్రిప్ట్ సీలు వేసిన కవరులో మన పాత యూనివర్సిటీ నుంచే డేవిస్‌కు రావాలి. అంటే మళ్ళీ ఆ మూడో నంబరు కౌంటరే, మళ్ళీ "భోజనం తరవాత రండి" అనే ఆ పెద్దమనిషే. అనుమతి పత్రం సంతకం చేసి ఇందులోనే పెట్టాను, డబ్బు నీ ఖాతాలో వేశాను. పదింటికల్లా వెళ్ళు. గొడుగు తీసుకెళ్ళు, ఆ వరండాకు నీడ లేదు. తిట్లన్నీ దాచి ఉంచు, డిసెంబరులో వచ్చి ఎదురుగా కూర్చుని తింటాను.

నీ
పొడుగు