కార్డు రాసేసరికే కడుపులో బిడ్డ గుండె కట్టడం అయిపోతోంది: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నాది నరసన్నపేట. ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పి రిటైరయ్యాను. పెన్షన్ గోల అనుకోకండి. నెల తప్పిన ఆడపిల్లకి మన సాయం ఏ వేళకి అందుతోందన్న దాని గురించే ఈ ఉత్తరం.

పోయిన నెల మా వీధి ఆశా కార్యకర్త రిజిస్టరు ముందేసుకుని మా అరుగు మీద కూర్చుంది. పక్కింటి కొత్త కోడలికి ఎన్నో నెల అని అడిగాను. "మూడు వెళ్ళి నాలుగొచ్చింది మేష్టారూ, మొన్ననే గర్భిణి కార్డు రాశాను" అంది. మరి ఇన్నాళ్ళూ? "అత్తగారు చెప్పనిస్తే కదా. మూడో నెల నిండకుండా బయటపెడితే దిష్టంట." ఆ అత్తగారిని నేనేమీ అనలేను. మా అమ్మాయి నీళ్ళోసుకున్నప్పుడు మా ఆవిడ నాకే నెలన్నర దాటాక చెప్పింది.

కానీ కడుపులో బిడ్డ గుండె అంతవరకూ ఆగదండీ. గర్భం నిలిచిన 22వ రోజు ప్రాంతంలో, అంటే నెల తప్పి వారం తిరిగేసరికి, అది కొట్టుకోవడం మొదలెడుతుంది. అప్పటికి అదొక సన్నటి గొట్టం. ఆ గొట్టం మెలి తిరిగి, గదులుగా విడి, మధ్యలో గోడలు లేచి, ఎనిమిదో వారం ముగిసేసరికి నాలుగు గదుల గుండె అవుతుంది. మనం కార్డు రాసి, కిట్టు చేతిలో పెట్టేనాటికి మేస్త్రీ పని ముగించుకుని వెళ్ళిపోయాడు.

ఈ పనిలో విటమిన్ ఏకి కూడా వాటా ఉందంటే క్లాసులో పిల్లలు నమ్మేవారు కాదు. వాళ్ళకి విటమిన్ ఏ అంటే రేచీకటి, అంతే. తల్లి కాలేయంలో నిల్వ ఉన్న విటమిన్ ఏ రక్తం ద్వారా పిండానికి చేరుతుంది. పిండంలో కొన్ని చోట్ల మాత్రమే ఉండే ఒక ఎంజైము దాన్ని రెటినోయిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం కణ కేంద్రకంలోకి వెళ్ళి కొన్ని జన్యువుల్ని లేపుతుంది, కొన్నిటిని పడుకోబెడుతుంది. గుండె గొట్టంలో వెనకవైపు కణాలకి అది అందుతుంది, అవి కర్ణికలవుతాయి, అంటే గుండె పై గదులు. ముందువైపు కణాలకి పెద్దగా అందదు, అవి జఠరికలవుతాయి, అంటే కింది గదులు. ఎంత అందిందన్నదొక్కటే కాదు, ఎక్కడ, ఎప్పుడు అందిందన్నది కూడా లెక్కే.

1949లో అమెరికాలో విల్సన్, వార్కనీ అనే శాస్త్రవేత్తలు విటమిన్ ఏ లేని మేత పెట్టిన ఎలుకల పిల్లల్ని పరీక్షించారు. గుండె గదుల మధ్య గోడ మూసుకోకపోవడం, పెద్ద ధమని దారి తప్పడం కనబడ్డాయి. 1953లో ఆ బృందమే అలాంటి ఎలుకలకి గర్భంతో ఉండగా వేర్వేరు రోజుల్లో విటమిన్ తిరిగి ఇచ్చి చూసింది. తొందరగా ఇచ్చినప్పుడు లోపాలు బాగా తగ్గాయి. ఆలస్యమయ్యేకొద్దీ ప్రయోజనం తగ్గిపోయింది. 1999లో ఎలుక పిండాల్లో ఆ ఎంజైము జన్యువునే పనిచేయకుండా చేస్తే గుండె గొట్టం సరిగా మెలి తిరగలేదు, పిండాలు కడుపులోనే పోయాయి.

ఇవి ఎలుకల సంగతులు. మనుషుల్లో వందమంది బిడ్డల్లో సుమారు ఒకరికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది. దానికి కారణాలు అనేకం, చాలాసార్లు తెలియవు కూడా. అలాంటి బిడ్డ తల్లి దగ్గరికెళ్ళి "ఆకుకూరలు తినలేదా అమ్మా" అని అడిగేవాడికి బుద్ధి లేదనే అంటాను. నేనంటున్నది వేళ గురించే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ 2020 లెక్కలో మామూలు ఆడమనిషికి రోజుకి 840 మైక్రోగ్రాముల విటమిన్ ఏ కావాలి, గర్భిణికి 900. తేడా అరవయ్యే. అంటే కార్డు రాయకముందు కూడా దాదాపు అంతా కావాల్సిందే.

మీ ఆశాల దగ్గర పిల్లల్ని కనే వయసు దంపతుల రిజిస్టరు ఎలాగూ ఉంది. తిండి గురించి, ఫోలిక్ యాసిడ్ గురించి మాట్లాడటం ఆ రిజిస్టరు నుంచే మొదలెట్టించండి, గర్భిణుల రిజిస్టరు నుంచి కాదు. దానికి ఆషాఢం కంటే మంచి నెల లేదు. కొత్త పెళ్ళికూతురు పుట్టింట్లో ఉంటుంది, అత్తగారు పక్కన ఉండదు. పైగా ఆషాఢంలో మునగాకు తినాలని మన పెద్దలే చెప్పారు కాబట్టి ఎవరూ వాదించరు. మునగాకు, తోటకూర, గుమ్మడికాయ ఏదైనా సరే, కాస్త నూనె పడాలి. నూనె లేకుండా ఉడకబెట్టి తింటే అందులోని కెరోటిన్, అంటే ఒంట్లో విటమిన్ ఏగా మారే పదార్థం, సరిగా పట్టదు.

అలాగని సిరప్ సీసాల జోలికి మాత్రం వెళ్ళొద్దు. ఇది గట్టిగా చెప్పాలి. పిల్లలకి ఆరు నెలలకోసారి పోసే విటమిన్ ఏ చెంచాలో 2 లక్షల అంతర్జాతీయ యూనిట్లు ఉంటాయి (పైన చెప్పిన మైక్రోగ్రాముల లెక్క వేరు). గర్భిణికి రోజుకి 10 వేలు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మంచిదే కదా అని ఎవరైనా కొత్త కోడలికి ఒక చెంచా పోస్తే ఒక్కరోజులో ఇరవై రెట్లు. గుండెకి లోటు ఎంత చెడో, అతి అంత చెడు. ఆకుకూరలతో ఈ భయం లేదు, కెరోటిన్‌ని ఒళ్ళు తనకి కావాల్సినంతే మార్చుకుంటుంది.

ఈ అతికి పల్లెల్లో మారుపేరు మొటిమల బిళ్ళ. అందులో ఉండే ఐసోట్రెటినాయిన్ అనే మందు విటమిన్ ఏకి చుట్టం. 1982లో అమెరికాలో అనుమతి వచ్చింది, కొద్ది ఏళ్ళలోనే అది వాడిన గర్భిణుల బిడ్డల్లో గుండె, చెవుల లోపాలు బయటపడ్డాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. మా బంధువుల అమ్మాయి పెళ్ళిలో ముఖం బాగుండాలని ఒక మందుల షాపులో అడిగితే, చీటీ లేదు, ఏ ప్రశ్నా లేదు, స్ట్రిప్ కత్తిరించి ఇచ్చేశారు. పెళ్ళయ్యే రోజు దాకా వేసుకుంది. ఆపాక కనీసం నెల్లాళ్ళు గర్భం రాకూడదని ఆ పిల్లకి నేను చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు. నాకు వారం రోజులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ఏమీ కాలేదు, అదృష్టం. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లని పెళ్ళిళ్ళ సీజన్‌కి ముందు ఒక్కసారి షాపులు తిరగమనండి.

చివరగా ఒక విన్నపం. నేను క్లాసులో మూడు రోజులు పొదిగించిన నాటుకోడి గుడ్డుకి పెంకు మీద చిన్న కిటికీ కోసి చూపించేవాణ్ణి. పచ్చసొన మీద ఎర్రటి దారాల మధ్య ఆవగింజంత చుక్క టకటకా కొట్టుకుంటుంది. కాళ్ళూ రెక్కలూ అప్పుడే మొలకలేస్తుంటాయి, గుండె మాత్రం అప్పటికే పనిలో ఉంటుంది. వెనక బెంచీ కుర్రాళ్ళు కూడా నోరు తెరిచి చూసేవారు. అంగన్‌వాడీ టీచర్ల నెలవారీ మీటింగులో నాకు ఒక్క అరగంట ఇప్పించండి. గుడ్లు నేనే తెస్తాను. కిటికీ పక్కన ఎండ పడే బల్ల ఒకటి ఉంటే చాలు.

ఇట్లు,
రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
నరసన్నపేట