ఆ ‘అలౌ’ నొక్కింది నేనే, మంత్రిగారూ

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నెల్లూరు జిల్లా కావలిలో చిన్న సెల్‌షాపు నడుపుకుంటున్నాను. రీఛార్జీలు చేయడం, స్క్రీన్‌గార్డులు అతికించడం, కొత్త ఫోన్ కొన్నవాళ్లకు వాట్సాప్ వేసివ్వడం నా పని. జువ్వలదిన్నె వైపు నుంచి వేటకు పోయేవాళ్లు, రొయ్యల గుంటల మీద పనిచేసే కుర్రాళ్లు, చెన్నైలో ఉన్న కొడుకు మొహం చూడాలని వచ్చే తల్లులు నా గిరాకీ. ఫోన్ చేతిలో పెట్టి "నువ్వే చూడు అబ్బయ్యా" అంటారు. నేను చూస్తాను. కాంటాక్టులా? అలౌ. ఫొటోలా? అలౌ. మైకు, లొకేషన్? అలౌ, అలౌ. పేజీలకు పేజీలున్న ఇంగ్లీషు షరతుల కింద ‘ఐ అగ్రీ’ నొక్కేదీ నా బొటనవేలే. వెనక నలుగురు నిలబడి ఉంటారు, చదివే తీరిక ఉండదు. తీరిక ఉన్నా ఆ ఇంగ్లీషు నాకు సగమే తెలుస్తుంది.

మీ ప్రభుత్వం 2023లో తెచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని ఈమధ్య కూర్చుని చదివాను. 6వ సెక్షన్‌లో అంగీకారం ఎలా ఉండాలో రాశారు. ఎవరి బలవంతం లేకుండా, దేనికో తెలిసి, షరతు లేకుండా, స్పష్టంగా ఇవ్వాలట. నా షాపులో ఇచ్చే అంగీకారాల్లో ఒక్కటీ దీనికి సరిపోదు. ఆ సెక్షన్‌లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఫోన్‌లో వైద్యం చేసే యాప్ కాంటాక్టులు కూడా అడిగిందనుకోండి. మనిషి ఊ అన్నా ఆ ఊ చెల్లదు, ఎందుకంటే వైద్యానికి కాంటాక్టులతో పని లేదు. ఇది రాసినవాళ్లకు దండం పెట్టాలనిపించింది. 15వ సెక్షన్ దగ్గర మాత్రం కాస్త టెన్షన్ వచ్చింది. మరొకరిలా నటించి డేటా ఇస్తే 10,000 రూపాయల దాకా జరిమానా అట. నా బొటనవేలు ఏ లెక్కలోకి వస్తుందో!

నిరుడు గుంట కాపలా కుర్రాడొకడు లోన్ యాప్‌లో 5,000 తీసుకున్నాడు. చేతికొచ్చింది 3,200. వారం తిరక్కముందే వాడి ఫొటోకు ఏదో అంటించి, దొంగ అని రాసి, వాడి ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ పంపారు. మేనత్తకు పోయింది, గుంట యజమానికి పోయింది, నాకూ వచ్చింది. వాడు పని మానేసి ఊరు వదిలి వెళ్లాడు. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ లిస్టు ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే చెప్పింది. ఆ సంగతి వాడికి తెలియదు, అప్పటికి నాకూ తెలియదు. యాప్ వేసిచ్చింది నేనే.

డేటా ఏది, దేనికి తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలుండాలని మీ చట్టం అంటుంది. ఆ ‘వీలు’ ఏదో మూల చిన్న గుర్తుగా మిగిలిపోతుందని నా భయం. ఫోన్ తెలుగులో పెట్టుకున్నవాళ్లకు నోటీసు ముందే తెలుగులో రావాలి. చదువు రానివాళ్లకు అది బయటికి చదివి వినిపించాలి. వద్దు అని నొక్కినా యాప్ అలిగి మూసుకుపోకూడదు. ఈ చట్టం రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీలకు ఏడాదిన్నర గడువిచ్చారు కదా, ఈ లోపు ఇదన్నా రాయించండి.

కంపెనీలకు 250 కోట్ల దాకా జరిమానా పెట్టి, 17వ సెక్షన్‌లో ప్రభుత్వం తాను కోరుకున్న సంస్థలను చట్టం నుంచి తప్పించే దారి ఉంచుకుంది. ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు 9 మంది జడ్జీలు చెప్పింది కంపెనీల కోసమే కాదు. 44వ సెక్షన్‌తో సమాచార హక్కు చట్టాన్నీ కదిలించారు. వ్యక్తిగత సమాచారం ఇవ్వక్కర్లేదనే 8(1)(జె)లో, ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న మాట తీసేశారు. ఆ మాట 8(2)లో ఉందిగా అంటారు. ఉంది. కానీ ఉపాధి హామీ మస్టర్లు అడిగినవాడి అర్జీ తిప్పిపంపాలనుకునే ఆఫీసరు చేతికి ముందు దొరికేది మొదటిదే.

ఇంకొక్క మాట. మెసేజ్ మొదట ఎవరు పెట్టారో వాట్సాప్ లాంటి యాప్‌లు చెప్పాలనే 2021 ఐటీ రూలును పక్కన పెట్టండి. అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు మా రొయ్యల రైతుల గ్రూపులో ఒకాయన సర్కారును కడిగేశాడు. పది నిమిషాలకు తానే డిలీట్ చేసుకున్నాడు. ఏమైందని అడిగితే, "ఎందుకొచ్చిన గొడవలే" అన్నాడు. నెట్‌లో రాసినదానికి కేసు పెట్టే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసిందని చెప్పాను, నమ్మలేదు.

ఉత్తరం తెలుగులో రాశాను. మీకు తెలుగు రాకపోతే ఎవరిచేతనైనా చదివించుకోండి. మా గిరాకీ చేసేదీ అదే.

ఇట్లు,
కావలి సెల్‌షాపు యజమాని