బస్తా మీద 20 శాతం, పేడలో ఊక

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

విషయం: గత నెల కొన్న 6 బస్తాల పాడి దాణా గురించి ఫిర్యాదు.

అయ్యా,

మాది కోనసీమ, రావులపాలెం దగ్గర కాలవగట్టు ఊరు. మూడు ముర్రా గేదెలు, ఒక పెయ్యదూడ. నాలుగేళ్ళుగా మీ దాణానే వాడుతున్నాం. గత నెల మీ డీలరు దగ్గర 50 కేజీల బస్తాలు 6 తెచ్చాం. బస్తా మీద ఎప్పటిలాగే 'క్రూడ్ ప్రోటీన్ కనీసం 20 శాతం, క్రూడ్ ఫైబర్ గరిష్ఠం 12 శాతం' అనే ఉంది. లోపలి సరుకు మాత్రం ఎప్పటిది కాదు.

పది రోజులు తిరక్కుండానే పాలకేంద్రంలో మా పాల వెన్న 7.2 శాతం నుంచి 6.1కి పడిపోయింది. పాలు కూడా పూటకి లీటరు తగ్గాయి. మేత మేం మార్చలేదు. అదే దాళ్వా (రబీ) వరి ఎండుగడ్డి, అదే గట్టు మీది పచ్చగడ్డి. ఫోన్ చేస్తే మీ ప్రతినిధి, "ప్రోటీన్ 20 ఉంది సార్, ల్యాబ్‌లో పాసైంది. మీ గేదెలకే అరుగుదల లేదేమో" అన్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ గేదెల మధ్యే ఉన్నవాడితో అనాల్సిన మాటేనా అది?

సరే, అరుగుదల సంగతే చూద్దామని నాలుగు దోసిళ్ళ పేడ జల్లెడలో వేసి కుళాయి కింద కడిగాను. (మా ఆవిడ ఆ జల్లెడని మళ్ళీ ఇంట్లోకి రానివ్వలేదు.) మెత్తటిదంతా జారిపోయాక మిగిలింది ఊక. తునకలు కొన్ని, గింజ ఆకారం చెడనివి కొన్ని. వరి పండించే ఊళ్ళో ఊకని గుర్తుపట్టడానికి ల్యాబ్ అక్కర్లేదు. తర్వాత గుప్పెడు దాణా గిన్నెలో నానబెట్టాను. పైన ఊక తేలింది, అడుగున వేలికి గరగరమని ఇసక తగిలింది.

గేదె తనంతట తాను పీచుని అరిగించుకోలేదు. మొదటి పొట్టలో, అదే రూమెన్‌లో, ఉండే సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ఎసిటిక్ ఆమ్లం లాంటివి చేసిపెడతాయి. పాలలో వెన్నకి పెద్ద ముడిసరుకు అదే. పచ్చగడ్డి పీచైతే వాటికి లొంగుతుంది. ఊక పీచుని లిగ్నిన్ అనే చెక్కలాంటి గట్టి పదార్థం, ఇసకలో ఉండే సిలికా పట్టేసి ఉంటాయి, ఎంత నెమరేసినా ఊక ఊకే. మా ఎండుగడ్డిలోనే ఆ రెండూ కావలసినంత ఉన్నాయి. అందువల్ల తగ్గే బలం పూడ్చుకోవడానికే కదా డబ్బు పెట్టి దాణా కొనేది!

ఇక మీ 20 శాతం. ల్యాబ్‌లో నేరుగా ప్రోటీన్‌ని కొలవరు. నత్రజని కొలిచి 6.25తో హెచ్చవేస్తారు. ఆ నత్రజని పత్తి గింజల చెక్కదైనా యూరియాదైనా లెక్కకి ఒకటే. యూరియాలో నత్రజని 46 శాతం, హెచ్చవేస్తే 287 దాటుతుంది. అంటే క్వింటా దాణాలో ఒక్క కేజీ యూరియా వేస్తే కాగితం మీద దాదాపు 3 శాతం ప్రోటీన్ పెరుగుతుంది. అనుమానం వచ్చి, దాణా నానిన గోరువెచ్చటి నీళ్ళలో పచ్చి సోయా గింజల పిండి కలిపి సీసా మూత బిగించాను. సోయాలో ఉండే ఎంజైము యూరియాని అమ్మోనియాగా విరగ్గొడుతుంది. కాసేపాగి మూత తీస్తే బస్టాండు మరుగుదొడ్డి వాసన గుప్పుమంది. డీలరు దగ్గర మిగిలిన పాత బస్తా దాణాతో చేస్తే ఆ వాసన లేదు.

యూరియా విషమని నేననడం లేదు. కొద్ది మోతాదులో, మొలాసిస్ (చెరకు మడ్డి) లాంటి బలమైన మేతతో కలిపి పెడితే ఆ సూక్ష్మజీవులే అమ్మోనియాని తమ ఒంటి ప్రోటీన్‌గా మార్చుకుంటాయి. అవి కిందికి జారి నాలుగో పొట్టలో, చిన్నపేగులో అరిగి గేదెకి ప్రోటీన్‌గా అందుతాయి. మీరేమో ఊకతో బలం తగ్గించి, యూరియాతో అంకె పెంచారు. అప్పుడు మిగిలిపోయిన అమ్మోనియా రక్తంలో కలుస్తుంది, లివరు దాన్ని మళ్ళీ యూరియా చేస్తుంది, చాలావరకు మూత్రంలో పోతుంది. నేను డబ్బిచ్చి కొన్న ప్రోటీన్ పాకలో కాలవపాలు!

దూడ సంగతి వేరు. రెండు నెలల పిల్లకి రూమెన్ ఇంకా సరిగా తయారవదు, యూరియా దానికి పెట్టకూడదు. బస్తా మీద ఆ ముక్క రాసి ఉంటే గుప్పెడు కూడా వేసేవాళ్ళం కాదు. రెండు పూటలు పొదుగు దగ్గరికే పోలేదు అది. దాణా వల్లే అని తేల్చి చెప్పలేను గానీ, ఆ రాత్రి మేం పడ్డ టెన్షన్ మాకే తెలుసు.

నాకు ఆ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు కావాలి. ప్రోటీన్ అంకె ఒక్కటే పంపితే ఒప్పుకోను. యూరియా ఎంత, ఆమ్లంలో కరగని బూడిద ఎంత అన్నది కూడా ఉండాలి, ఇసకా ఊకా బండారం అక్కడే బయటపడుతుంది. 6 బస్తాల డబ్బు తిరిగివ్వాలి. ఇకపై యూరియా కలిపితే ఎంత కలిపారో, దూడలకి పెట్టకూడదనీ బస్తా మీద తెలుగులో వేయాలి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

ఆరో బస్తా కుట్టు విప్పలేదు. మీ మనిషిని పంపండి, ఆయన ఎదుటే విప్పుతాను. జల్లెడలో మిగిలిన ఊక కూడా ఎండబెట్టి కవర్లో దాచాను.

ఇట్లు,
మీ దాణా కొన్న పాడి రైతు