పాత బల్లను గీకే ముందు లోపలికి చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత చెక్క సామాన్లను కొత్తవాటిలా మార్చుకోవడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. శాండింగ్ మెషిన్‌తో పైపొరంతా గీకేసి, ఆ తర్వాత పాలిష్ కొట్టమని అందులో రాశారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు వడ్రంగం నేర్పినవాణ్ని. ఈ సలహా చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

ఈమధ్య కోనసీమలోని ఒక లంక గ్రామంలో, పూర్వం కరణీకం, అంటే ఊరి భూముల లెక్కలు రాసే ఉద్యోగం, చేసిన ఇంటివాళ్లు ఒక బల్ల చూడటానికి పిలిచారు. నల్లబడిన టేకు పెట్టె, పైన ఆకుపచ్చ సన్‌మైకా, కింద నాలుగు కాళ్లు. "మా తాతగారికి ఇంగ్లీషు దొర ఇచ్చిన టేబులండి. గీకేసి కొత్తదానిలా చేసిపెట్టండి" అన్నారు ఇంటాయన.

ముందు దాన్ని బోర్లా తిప్పించాను. పెట్టె అడుగున నాలుగు మూలలూ అరిగి నున్నగా ఉన్నాయి. నేలకు రెండడుగుల ఎత్తులో ఉన్న చెక్క అలా అరగదు. నేలమీద అటూ ఇటూ జరుపుతూ చాలాకాలం వాడి ఉంటేనే అరుగుతుంది. కాళ్లేమో టేకు కావు, నల్లతుమ్మ. పక్క చెక్కల పైఅంచుకు ఏటవాలుగా కోసిన ముక్కలు అతికి మట్టం చేశారు. వీటన్నిటినీ కలిపి చూస్తే, అది చాపమీద మఠం వేసుకుని కూర్చుని రాసుకునే వాలు మూత పెట్టె అని తేలిపోయింది. మన కరణాలు, షావుకార్ల గుమాస్తాలు వాడినవి ఇలాంటివే. కుర్చీలో కూర్చునే దొరకు దీనితో పనేముంది? వెనక చెక్కమీద రంపం గీతలు అడ్డంగా, హెచ్చుతగ్గు ఎడంతో ఉన్నాయి. అది ఇద్దరు మనుషులు చేత్తో లాగిన కోత. మిల్లులోని చక్రపు రంపమైతే గీతలు విల్లులా వంగుతాయి.

ఇక కాళ్లు ఎప్పుడు పెట్టారు, సన్‌మైకా ఎప్పుడు వేశారు? ఇది చెప్పింది గోదావరే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరిన వరద మా ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. ఈ ఇంట్లోకీ నీళ్లు వచ్చి, బల్ల పూర్తిగా మునిగిందట. కాళ్లు బిగించిన స్క్రూలకు తలమీద ఒకే గాడి ఉంది. ఆ గాడుల్లో ఒండ్రు గట్టిపడి, సూదితో గీకితే సన్నటి పొడిగా రాలింది. అంటే కాళ్లు వరదకు ముందే ఉన్నాయి. పాత మూత బందులకు తొలిచిన గుంటల్లో పుట్టీ నింపారు. కొంచెం తీసి చూస్తే దాని కింద కూడా ఒండ్రు పొర ఉంది. పైచెక్కను మట్టంగా బిగించినవి ప్లస్ గాడి స్క్రూలు. వాటిలో మట్టి చుక్క లేదు. కాబట్టి వాలు మూతను తీసి బల్లపరుపుగా చేసింది వరద తర్వాతే. ఇంట్లో మామ్మగారు విని, "అవున్రా, కరణాల ఉద్యోగాలు పోయాక ఇది మూలన పడి ఉండేది. వరద తర్వాత మీ చదువులకే కదా దాన్ని బాగుచేయించింది!" అన్నారు. కరణాల వ్యవస్థ రద్దయింది 1984లో. లెక్క సరిపోయింది.

అసలు సంగతి తర్వాత దొరికింది. సొరుగు పూర్తిగా బయటికి లాగి, లోపల సెల్‌ఫోన్ లైటు వేసి పైకి చూశాం. పాత మూతనే పైచెక్కగా వాడుకున్నారు. దాని లోపలివైపు పెన్సిల్ లెక్కలు! రూపాయలు, అణాలు, పైసలు మూడు వరసలుగా, పక్కన 'ఫ 1341' అని ఉంది. 'ఫ' అంటే ఫసలీ, రెవెన్యూ లెక్కల్లో వాడే సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే 1931 జులై నుంచి మొదలయ్యే సంవత్సరం వస్తుంది. పెన్సిల్ గీత నీళ్లకు కరగదు కాబట్టి వరదలో మునిగినా నిలిచింది. మెషిన్ పెడితే నిమిషంలో పోయేది. ఇంటాయన ఆ అంకెలు చూసి, "ఇది మా తాతగారి దస్తూరీయే" అని కాగితాలు తెచ్చి పోల్చి చూపించారు. దొర మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ బల్లకు చివరికి చేసింది కొంచెమే. చెదపట్టిన సొరుగు అడుగు చెక్క మార్చి, కొత్తదానిమీద మార్చిన తేదీ రాశాను. సన్‌మైకా తీయనివ్వలేదు, అదీ ఆ ఇంటి కథలో భాగమే. పక్క చెక్కమీద ఒక మూల దూదితో స్పిరిట్ అద్దితే పైపూత మెత్తబడి జిగురు తేలింది, అంటే అది లక్క పాలిష్. దానిమీదే మళ్లీ పల్చగా లక్క పాలిష్ పట్టించాను. గీకాల్సిన పనే రాలేదు.

పాత బల్లలు ఇళ్లలోనే కాదు, ప్రభుత్వ ఆఫీసుల్లో, పాత స్కూళ్లలో కూడా ఉన్నాయి. పాత సామానుగా వేలం వేసేస్తున్నారు. వేలానికి ముందు సొరుగులు లాగి, బోర్లా తిప్పి నాలుగు ఫొటోలు తీయించడానికి ఖర్చేమీ కాదు. మీ అనుబంధంలో వచ్చే వారం ఈ సంగతి, స్పిరిట్ పరీక్ష సంగతి వేయమని నా మనవి. ఆ వ్యాసం చదివి ఇప్పటికే మెషిన్ అద్దెకు తెచ్చుకున్నవాళ్లు ఉంటారు.

— విశ్రాంత వడ్రంగం ఇన్‌స్ట్రక్టర్, అమలాపురం