నీ రెండు వందలు

రాజమహేంద్రవరం,
బుధవారం రాత్రి.

అమ్మలూ,

నువ్వూ తమ్ముడూ పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటి అనుకుంటావేమో. నోటితోనే చెబుదామని సోమవారం నుంచి చూస్తున్నాను. నిన్న జడ వేస్తూ ఒకసారి మొదలుపెట్టాను కూడా. "ఆటో వచ్చేస్తుందమ్మా, తొందరగా" అన్నావు. ఇక మాట రాలేదు.

సోమవారం కూరగాయలకి డబ్బులు తీద్దామని పర్సు తెరిస్తే లోపలి అరలో నాలుగు మడతలు వేసిన 200 నోటు ఉంది. మూలన నీలం సిరా మరక. చూడగానే గుర్తుపట్టాను. విశాఖపట్నం బయల్దేరే రోజు నానమ్మ "బీచిలో ఏదైనా కొనుక్కోవే" అని నీ గుప్పిట్లో పెట్టిన నోటు అది. ఎప్పుడు తెచ్చి నా పర్సులో పెట్టావో తెలియదు. ఎందుకు పెట్టావో మాత్రం వెంటనే తెలిసిపోయింది. శనివారం రాత్రి లాడ్జిలో నాన్నతో నేనన్న మాట నువ్వు విన్నావు.

"ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చింది దీనికా" అన్నాను. నువ్వు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నావు, నిద్రపోయావనుకున్నాను. ఆ మాట అనలేదని నీతో అబద్ధం చెప్పను. అలసటలో ఏదో నోరు జారిందనీ చెప్పను. ఆ నిమిషంలో నేను అలాగే అనుకున్నాను తల్లీ. అందుకే ఇది కాగితం మీద పెట్టాల్సి వచ్చింది.

ఆ రెండున్నర రోజులూ నా వైపు నుంచి ఎలా గడిచాయో నీకు తెలియాలి.

విశాఖపట్నంలో నీ ఈత పోటీలున్నాయని తెలిసిన రోజే ఇంట్లో అందరూ ఆ ప్రయాణానికి తలో కోరికా తగిలించారు. నానమ్మకి సింహాచలం. తమ్ముడికి సబ్‌మెరైన్. నాన్నకి పెళ్లైన కొత్తలో నాతో కూర్చున్న చోట మళ్లీ ఒకసారి సముద్రం చూడాలని. పోటీ నీ ఒక్కదానిదే అయినా ప్రయాణం అందరిదీ అయింది. నీ ఒక్కదాని కోసమే అంత డబ్బు అయిపోయిందని నువ్వు లెక్క వేసుకుని ఉంటే ఆ లెక్క తప్పు. లాడ్జి గది అయిదుగురిది. రైలు టిక్కెట్లు అయిదుగురివి. నీ ఎంట్రీ ఫీజు వాటన్నిటిలోకీ చిన్నది.

శుక్రవారం రత్నాచల్ ఎక్కాం. అన్నవరం రాగానే నానమ్మ కిటికీలోంచి రత్నగిరికి దణ్ణం పెట్టి, నీ చేత కూడా పెట్టించింది. ఆ సాయంత్రం సింహాచలం కొండెక్కాం కదా, అక్కడ నిన్ను చూస్తుంటే ముచ్చటేసింది. స్వామికి ఏడాది పొడుగునా చందనం పూత ఉంటుందనీ, అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే నిజరూపం కనిపిస్తుందనీ నానమ్మ చెబితే, "మరి మిగతా రోజులు ఆయనకి ఉక్క పోయదా" అని అడిగావు. విశాఖ గాలిలో ఆ ఉక్క మనకి దిగగానే తెలిసింది మరి. నానమ్మ కప్పస్తంభాన్ని కౌగిలించుకుని ఎంతసేపు నిలబడిందో చూశావుగా. ఏం కోరుకున్నావని అడిగితే నాకు చెప్పలేదు. బస్సులో మాత్రం "పిల్ల నీళ్లలో క్షేమంగా ఉండాలని" అంది. పతకం రావాలని కోరుకోలేదు చూడు. నేను మాత్రం గర్భగుడి ముందు పతకమే కోరుకున్నాను.

ఇక శనివారం. ఆ పూట గురించి మనిద్దరం ఇంతవరకూ సరిగ్గా మాట్లాడుకోలేదు.

పొద్దున్నే కొలను దగ్గరికి వెళ్లేసరికి పిల్లలతో కిటకిటలాడుతోంది. తువ్వాళ్లు, క్లోరిన్ వాసన, మైకులో పేర్లు. నువ్వు ఒక ఇడ్లీ, సగం అరటిపండు తిని ఇంక వద్దన్నావు. క్యాప్ పెట్టుకుంటుంటే నీ చేతులు వణికాయి. నా చేతులు అంతకంటే ఎక్కువ వణికాయి. గోదావరి ఒడ్డున పుట్టి ఈత రాని మనిషిని నేను. నువ్వు నీళ్లలోకి దూకిన ప్రతిసారీ తల పైకి తేలేదాకా ఊపిరి బిగబట్టుకుంటాను. నాలుగేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

నీ 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్. ఏడో లేన్. బాగా ఈదేవాళ్లని నడిమి లేన్లలో వేస్తారట, చివరి లేన్లు టైము తక్కువున్నవాళ్లకట, అది నాకు తర్వాత నాన్న చెప్పారు. ఆ చివరి వైపు లేన్ నుంచి వచ్చి నువ్వు మూడో స్థానంలో గోడ తాకావు. నేను లేచి నిలబడి అరిచాను. నానమ్మ ఏడ్చేసింది. తమ్ముడైతే పక్కవాళ్లందరికీ "మా అక్క" అని చూపించాడు. తర్వాత అతికించిన కాగితంలో నీ పేరు ఎదురుగా టైము లేదు, డిస్‌క్వాలిఫై అని ఉంది. మలుపు దగ్గర నీ కుడి చెయ్యి ముందు తగిలింది, ఎడమది ఆ తర్వాత. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో మలుపు దగ్గరైనా, చివర్లో అయినా రెండు చేతులూ ఒకేసారి గోడకి తగలాలి.

నాకు కోపం వచ్చింది. వేలెడు తేడా, ఎవరికి నష్టం అనిపించింది. మీ కోచ్ సార్‌ని పట్టుకుని గట్టిగానే అడిగాను. ఆయన విసుక్కోలేదు. నన్ను గోడ దగ్గర నిలబెట్టి, ముందు రెండు చేతులూ చాపి తాకమన్నారు, తర్వాత ఒక్క చెయ్యి చాపి తాకమన్నారు. ఒక్క చెయ్యైతే భుజం తిరిగి, ఇంకో జానెడు దూరం అందింది. "అదేనమ్మా తేడా. మిగతా ఏడుగురు పిల్లలూ ఆ జానెడు వదులుకుని ఈదారు" అన్నారు. నాకు అర్థమైంది. అయినా కోపం చల్లారలేదు. నువ్వు తువ్వాలు కప్పుకుని వచ్చి, "నాకు తగిలినప్పుడే తెలిసిందమ్మా" అన్నావు. అప్పుడు నిన్ను దగ్గరికి తీసుకోవాల్సింది. "మరి తెలిసి ఎందుకు చేశావ్" అని అడిగాను. ఆ ప్రశ్న వెనక్కి తీసుకునే వీలుంటే నా దగ్గరున్నవన్నీ ఇచ్చేస్తాను.

ఆ సాయంత్రం సబ్‌మెరైన్ దగ్గరికి వెళ్లాం, తమ్ముడికి మాటిచ్చాం కాబట్టి. ఎవరికీ ఉత్సాహం లేదు, వాడికి తప్ప. కుర్సురా అనే ఆ జలాంతర్గామి 2001 దాకా మన నౌకాదళంలో పనిచేసిందనీ, 2002లో ఒడ్డుకి చేర్చి మ్యూజియం చేశారనీ, లోపల 75 మంది దాకా ఉండేవారనీ అక్కడి గైడ్ చెబుతుంటే వాడు నోరు తెరుచుకుని విన్నాడు. ఆ గుండ్రటి తలుపుల్లోంచి వంగి వంగి దూరుతూ, ఆ ఇరుకు మంచాలు చూస్తూ నాకు ఊపిరాడలేదు. వీళ్ల తల్లులు ఒడ్డున ఎలా నిద్రపోయేవాళ్లో అనుకున్నాను. బయటికి వచ్చాక తమ్ముడు నీ చెయ్యి లాగి ఏమన్నాడో గుర్తుందా? "అక్కా, ఇది 91 మీటర్లంట. నువ్వు 100 ఈదావు. దీనికంటే ఎక్కువ!" నువ్వు నవ్వలేదు. "నాది లెక్కలోకి రాదురా" అన్నావు. "నేను లెక్కపెట్టాగా" అన్నాడు వాడు.

ఎనిమిదేళ్ల పిల్లాడికి తెలిసిన మాట నాకు తట్టలేదు. ఆ రాత్రే ఆ ఖర్చు మాట అన్నాను.

ఆదివారం నువ్వు మారిపోయావు. అప్పుడు నాకు అర్థం కాలేదు, నోటు దొరికాక ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. టిఫిన్ దగ్గర దోసె అడగలేదు, నా ప్లేటులోదే కాస్త తింటానన్నావు. గాగుల్స్ పట్టీ తెగితే ముడి వేసుకున్నావు కానీ చెప్పలేదు. ఆ ముడివేసిన గాగుల్స్‌తోనే 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఈదావు. హీట్‌లో, అంటే తొలి రౌండ్‌లో, ఆరో స్థానం, ఫైనల్‌కి వెళ్లలేదు. బయటికి వచ్చి ముందు నా మొహం చూశావు. నీ టైము బోర్డు వైపు చూడలేదు, నా మొహమే చూశావు. కోచ్ సార్ వచ్చి "సెకనున్నర తగ్గించిందండీ, ఒక్క మీట్‌లో సెకనున్నర" అని సంబరపడుతుంటే నేను "అవునా" అన్నాను. అంతే అన్నాను. 50 మీటర్లలో సెకనున్నర తగ్గాలంటే ఎన్ని పొద్దులు చలినీళ్లలో దిగాలో, ఆ నీళ్లలోకి నిన్ను రోజూ పంపే నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

సోమవారం రాత్రి నోటు చేతిలో పెట్టుకుని నాన్నతో ఇదంతా చెప్పుకున్నాను. ఆయన జ్యోతి యర్రాజీ గురించి చెప్పారు. మనం వెళ్లొచ్చిన ఆ విశాఖపట్నం అమ్మాయే, 100 మీటర్ల హర్డిల్స్ పరుగెడుతుంది. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 సెకన్లలో పరుగెత్తిందట. అప్పటికి దేశంలో రికార్డు 13.38, అది 2002 నుంచి అలాగే ఉంది. అయినా ఆమె పరుగుని రికార్డుగా తీసుకోలేదు. వెనక నుంచి గాలి సెకనుకు 2 మీటర్లకి మించి వీస్తే లెక్కలోకి రాదట, ఆ రోజు గాలి 2.1 ఉంది. ఆ మరుసటి నెలలోనే సైప్రస్‌లో 13.23 పరుగెత్తి రికార్డు రాయించుకుంది. ఏడాది తర్వాత బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ బంగారు పతకం గెలిచినప్పుడు ఆమె టైము ఎంతో తెలుసా? మళ్లీ అదే 13.09.

నువ్వు అంతటిదానివి కావాలని ఇది చెప్పడం లేదమ్మలూ. లెక్కలోకి రాని ఆ కోజికోడ్ రోజున ఇంటికి ఫోన్ చేస్తే అవతలి నుంచి ఏ మాట వినిపించి ఉంటుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. నా మాట లాంటి మాట వినిపించి ఉండకూడదని మనసులో మొక్కుకున్నాను.

డబ్బు సంగతి కూడా దాచను, నీకు పన్నెండేళ్లు, అర్థం చేసుకోగలవు. మనకి డబ్బు విరివిగా లేదు. ఏడాదికి ఒకటో రెండో ఊళ్లకి తీసుకెళ్లగలం, అన్నిటికీ కుదరదు. కుదరనప్పుడు కుదరదని నేనే చెబుతాను. ఆ లెక్కలు చూసుకోవడం నాదీ నాన్నదీ పని. నువ్వు దోసె మానేసి, గాగుల్స్ ముడివేసుకుని ఆ లెక్క సర్దొద్దు. పతకం తెస్తేనే మళ్లీ తీసుకెళ్తామనే షరతు కూడా మన ఇంట్లో లేదు. ఉందని నీకు అనిపించేలా నేను ప్రవర్తించాను, నన్ను క్షమించు.

ఒక్కటి మాత్రం ఆ ఆదివారం నుంచి నేను దాచిపెట్టుకున్నాను. రైలుకి ఇంకా టైముందని బీచిలో కాసేపు దిగాం. తమ్ముడు మొక్కజొన్న పొత్తు కోసం పేచీ పెట్టాడు, నువ్వు నీకొద్దన్నావు. అలల్లో చీలమండల దాకా నిలబడ్డావు. ఆ తీరంలో కాలి కింద ఇసుక ఎలా లాగేస్తుందో చూశాక నీ చెయ్యి వదల్లేదు నేను. కొలనులో ఎంత బాగా ఈదినా అక్కడ పనికి రాదని, లోపలికి వెళ్లేవాళ్లని గార్డులు ఈల వేసి పిలుస్తుంటే నీకూ చెప్పాను. నువ్వు దూరంగా డాల్ఫిన్ నోస్ కొండ వైపు చూస్తూ, "దీనికి గోడ లేదు కదమ్మా" అన్నావు. రెండు రోజుల్లో మొదటిసారి నీ మొహం తేటగా ఉంది. నీకు నీళ్లంటే ఎంత ఇష్టమో అప్పుడు చూశాను. ఈత రాని నాకు కూడా ఆ ఇష్టం ఏమిటో కొంచెం తెలిసినట్టనిపించింది.

నీ 200 ఈ ఉత్తరంలోనే పెట్టాను. అది నానమ్మ నీకిచ్చింది, నువ్వే ఖర్చు పెట్టుకోవాలి. కోటగుమ్మం రోజ్‌మిల్క్ తాగుతావో, దాచుకుంటావో నీ ఇష్టం. కొత్త గాగుల్స్ నీ బ్యాగ్‌లో పక్క జేబులో ఉన్నాయి, వాటికీ ఆ నోటుకీ సంబంధం లేదు.

రేపు పొద్దున్న అయిదింటికి లేపుతాను. లేవాలని లేకపోతే దుప్పటి తీయకుండా తల ఊపు చాలు, వెళ్లిపోతాను, ఏమీ అడగను. లేస్తే మాత్రం ఈసారి నేను కూడా వస్తాను. కోచ్ సార్‌ని అడిగాను, పెద్దవాళ్లకి కూడా వారానికి మూడు రోజులు నేర్పిస్తారట. లోతు తక్కువ వైపు కమ్మీ పట్టుకుని కాళ్లు ఆడించడం నుంచి మొదలట. నువ్వు దగ్గరుంటే దిగుతాను.

ఇంకోటి. తమ్ముడు బొమ్మ వేశాడు, ఫ్రిజ్ మీద అతికించాను. నల్లటి సబ్‌మెరైన్, దాని పక్కన ఎర్ర క్యాప్‌తో నువ్వు. సబ్‌మెరైన్ ముక్కు కంటే నీ చెయ్యి కాస్త ముందుంది. రెండు చేతులూ కలిపే వేశాడు.

మీ
అమ్మ