నవలకి రికార్డులెందుకమ్మా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో చారిత్రక నవలల్లో దొర్లే తప్పుల మీద వచ్చిన వ్యాసం చదివాను. రాసేవాళ్లని బాగానే ఉతికి ఆరేశారు. నేనూ ఆ కోవలో దాన్నే కనుక రెండు దెబ్బలు నాకూ తగిలాయి. తగలాల్సినవే. కాకపోతే ఆ తప్పులు దిద్దుకుందామని బయల్దేరినవాళ్లకి దారిలో ఏం ఎదురవుతుందో ఆ వ్యాసంలో లేదు. అది చెబుదామనే ఈ ఉత్తరం.

టీచరుగా రిటైరయ్యాక నాలుగేళ్లుగా డొక్కల కరువు మీద నవల రాస్తున్నాను. నందన నామ సంవత్సరం, 1832-33. అప్పటి గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనాభా ఉంటే, లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని అంచనా. ఇంతటి ఘోరం గురించి మా ఊళ్లో పిల్లల్ని అడిగితే పేరు కూడా తెలియదంటారు.

మొదటి అధ్యాయంలో మా సుబ్బమ్మ (నవల్లో మనిషి) అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించింది. రెండు నెలల తర్వాత ఒక రాత్రి ఉలిక్కిపడి లేచాను. 1832లో పల్నాటి పల్లెలో అగ్గిపెట్టె ఎక్కడిది? అగ్గిపుల్ల అప్పుడప్పుడే ఇంగ్లండులో పుట్టింది. కొట్టేసి, సుబ్బమ్మ పక్కింటికెళ్లి పిడక మీద నిప్పు తెచ్చుకున్నట్టు రాశాను. నిప్పు ఇచ్చిన ఆ పక్కింటావిడ అలా కథలోకి వచ్చి, మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు ఆమె లేకపోతే నవలే లేదు. దీపంలో కిరసనాయిలు తీసేసి ఆముదం పోయడం మాత్రం సులువుగానే అయింది.

అసలు తంటా జొన్నల ధర దగ్గర వచ్చింది. కరువు ముదిరాక షావుకారు కుంచం జొన్నలు ఎంతకి అమ్మాడు? ఒక్క వాక్యం. మద్రాసు ప్రెసిడెన్సీలో వరహాల లెక్క పోయి రూపాయల లెక్క వచ్చింది 1818లో. సర్కారు కాగితాల్లో రూపాయి సరే, పద్నాలుగేళ్లకే ముసలివాళ్ల నోట వరహా పోతుందా? కుంచమూ తూమూ అన్ని ఊళ్లలో ఒకే కొలత కాదాయె. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మేలో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో మద్రాసు తిరిగొచ్చారు. దారిలో ఏ ఊళ్లో ఏం దొరుకుతుందో, నీళ్లెలా ఉంటాయో 'కాశీయాత్ర చరిత్ర'లో రాసిపెట్టారు. ఆ పుస్తకం నా బల్ల మీంచి కదలదు. కానీ అది కరువుకి ముందటేడు మాట. కరువు ఏడాది సంగతి కావాలంటే అప్పటి రెవెన్యూ ఉత్తరాలే దిక్కు.

అవెక్కడున్నాయి? గుంటూరు జిల్లాని 1859లో ఎత్తేసి, 1904లో మళ్లీ ఏర్పాటు చేశారు. 1953 దాకా మనది మద్రాసు రాష్ట్రమే. కాబట్టి నరసరావుపేట మనిషి ఆకలి గురించి రెవెన్యూ బోర్డుకి రాసిన ఉత్తరం చదవాలంటే రైలెక్కి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. పోనీ, వెళ్తాం. అంతకన్నా బాధ ఇంటి దగ్గరే జరిగింది. ఇక్కడే ఒక రికార్డు ఆఫీసుకి వెళ్తే (పేరెందుకు లెండి), "ఏ యూనివర్సిటీ మేడమ్?" అన్నారు. ఏదీ కాదు, నవల రాస్తున్నానన్నాను. "నవలకి రికార్డులెందుకమ్మా, ఊహించి రాసేయొచ్చుగా!" అన్నాడా అబ్బాయి. వెటకారం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. టీ కూడా తెప్పించాడు. ఫైలు మాత్రం రాలేదు. ప్రొఫెసరు సంతకం కావాలట. ఇంకోసారి ఎవరినో పట్టుకుని వెళ్తే రెండు కట్టలు తెచ్చారు. తాడు విప్పగానే కాగితం అంచు అప్పడంలా విరిగి బల్ల మీద రాలింది. ఫోనుతో ఫొటో తీయకూడదు, జిరాక్సు మిషను పాడైంది. పెన్సిల్‌తో ఎత్తిరాసుకుంటూ రోజుకి నాలుగు పేజీలు.

చరిత్ర చదువుకునే హక్కు పీహెచ్‌డీ వాళ్లకే రాసిచ్చారా? ఆధార్ కార్డు చూపిస్తే కుర్చీ ఇవ్వొచ్చు. ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకోనివ్వొచ్చు, కాగితానికి కూడా అదే మేలు. ఏ కట్టలో ఏముందో తెలుగులో జాబితా నెట్‌లో పెట్టొచ్చు. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ తన కాగితాలని స్కాన్ చేసి 'అభిలేఖ్ పటల్' అనే వెబ్‌సైటులో పెడుతోంది కదా, మన జిల్లాల పాత కాగితాలకి ఆ భాగ్యం ఎప్పుడు?

మావాళ్ల తప్పూ లేకపోలేదు. ఊరు చూడకుండా ఊరి గురించి రాసేవాళ్లున్నారు. నేనూ మూడేళ్లు ఇంట్లో కూచునే నల్లరేగడి నెర్రెల గురించి రాశాను. మొన్న మేలో వినుకొండ దాటాక ఒక బీడులో దిగి చూస్తే నెర్రెలో నా చెయ్యి మణికట్టు దాటి దిగింది. లోపల మట్టి ఇంకా వేడిగానే ఉంది. ఇంటికొచ్చి ఆ పేజీలన్నీ చింపేశాను. మా ఆయన మాత్రం "నందన సంవత్సరంలోంచి బయటికి రా, కూర మాడుతోంది" అంటూనే ఉన్నారు.

వచ్చే సోమవారం ఆ ఆఫీసుకి మళ్లీ వెళ్తున్నాను. ఈసారి ప్రొఫెసరు గారి ఉత్తరం చేతిలో ఉంది. జొన్నల ధర దొరికితే మీకూ రాస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నరసరావుపేట